సున్నా రోజుల కెప్టెన్

నౌకా శాఖ కార్యాలయంలో మూడో కౌంటరు అద్దానికి కింద అరచంద్రం ఆకారంలో ఒక కన్నం ఉంది. కాగితాలు లోపలికి తొయ్యడానికి పెట్టిన కన్నం. మాట లోపలికి వినబడాలన్నా మనిషి నడుం వంచి నోరు దాని దగ్గర పెట్టాల్సిందే. పాతికేళ్ళపాటు ఓడల మీద తలెత్తుకుని నిలబడ్డ కెప్టెన్‌కి ఆ వంగడంలోనే సగం ఒళ్ళు మండిపోయింది. మిగతా సగం లోపలున్న గుమస్తా మండించాడు.

"లైసెన్స్ పొడిగించాలంటే ఐదేళ్ళలో పన్నెండు నెలలు ఓడ మీద ఉన్నట్టు రుజువు కావాలండీ."

"నేను కెప్టెన్ని బాబూ. మూడేళ్ళ నాలుగు నెలల నుంచి ఒకే ఓడకి కెప్టెన్ని. మీ శాఖే నా పేరు రాసి ముద్ర వేసింది."

"కెప్టెన్ అయితే అయ్యారు. ఓడ మీద ఉన్నారా?"

"ఆ ఓడ మీద ఎవరూ ఉండరు."

"అదేనండీ నేనూ అంటున్నది," అన్నాడు గుమస్తా, ఇంతసేపటికి ఒక మాట మీద ఇద్దరికీ కుదిరినందుకు సంతోషపడుతూ.

కెప్టెన్ నడుం నిఠారు చేసి ఒకసారి పైకప్పు చూసి మళ్ళీ వంగాడు.

వీధిలో ఆయన్ని అందరూ టీవీ కెప్టెన్ అంటారు. రేవు ఎదురుగా ఒక మేడలో నాలుగో అంతస్తులో గది. ఆరు తెరలు, రెండు ఫోన్లు, ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుని ఒకటిన్నర రోజు దూరంలో ఉన్న దీవులకి సిమెంటు మోసే ఓడని ఆయన నడుపుతాడు. ఓడలో మనిషన్నవాడు లేడు. కళ్ళకి కెమెరాలు, చెవులకి రేడియో, చేతులకి మీటలు. కింది అంతస్తులో పళ్ళ డాక్టరు ఉన్నాడు. సముద్రం ఎంత ప్రశాంతంగా ఉన్నా సరే, పగలంతా ఎవరిదో ఒకరి పన్ను తొలుస్తున్న చప్పుడు గదిలోకి వస్తూనే ఉంటుంది. మొదటి వారంలో అల పెద్దదొకటి వచ్చి తెర మీద ఓడ వాలగానే కెప్టెన్ ఒళ్ళు కూడా అటే వాలింది. చక్రాల కుర్చీ దొర్లి ఆయన్ని గోడకి కొట్టింది. ఆ సాయంత్రమే ఆయన కుర్చీ కాళ్ళని బల్లకి తాడుతో కట్టేశాడు.

మనుషుల్లేని ఓడలు వచ్చాక చట్టం చేసేవాళ్ళు ఒక కొత్త అధ్యాయం రాశారు. ఓడలో ఎవరూ లేకపోయినా దానికో కెప్టెన్ ఉండి తీరాలన్నారు. ఒడ్డున కూర్చున్నా ఫర్వాలేదు గానీ లైసెన్స్ మాత్రం సముద్రం మీద తిరిగే కెప్టెన్ లైసెన్సే కావాలన్నారు. అది ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. పొడిగించాలంటే ఓడ మీద ఉండాలి. ఈ మాట పాత అధ్యాయంలో ఉంది. కొత్త అధ్యాయం రాసినవాళ్ళు పాతది తిరగెయ్యలేదు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు అన్నట్టు, ఈ ఉద్యోగం చెయ్యాలంటే ఆ లైసెన్స్ కావాలి. ఈ ఉద్యోగం చేస్తున్నంతకాలం ఆ లైసెన్స్ రాదు.

"పోనీ ఒక పని చెయ్యండి," అన్నాడు గుమస్తా జాలిపడి. "ఐదేళ్ళ లెక్కలో పాత ఓడల మీద మీకు మూడొందల ముప్ఫై రోజులున్నాయి. కావలసింది మూడొందల అరవై ఐదు. గడువు ఇంకా నలభై రోజులుంది కదా. మీ సిమెంటు ఓడే ఎక్కి నెల పైన ఓ ఐదు రోజులు తిరిగి రండి."

"దాంట్లో మంచం లేదు. తాగడానికి నీళ్ళు లేవు. మునిగితే దూకడానికి పడవ లేదు. మీ శాఖ ఇచ్చిన పత్రంలోనే ఎక్కించదగిన మనుషులు సున్నా అని రాసుంది. నేనెక్కితే ఓడని పట్టుకుంటారు."

"ఎవరు?"

"మీరే!"

గుమస్తా తల గోక్కున్నాడు. "అవునండోయ్. ఆ పని పక్క కౌంటరు వాళ్ళది," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య చాప మీద కూర్చుని పరీక్ష కాగితాలు దిద్దుతోంది. ఆవిడ చిన్నపిల్లల బడిలో లెక్కల టీచరు. కళ్ళజోడు పైనుంచి మొగుడి మొహం చూసి, ఎర్ర పెన్ను మూత పెట్టింది.

"ఇవ్వలేదా?"

"ఇవ్వలేదు."

"ఇవ్వకపోతే ఏమవుతుంది?"

ఆయన చెప్పులు విప్పి మూలన పెట్టాడు. జవాబు చెప్పక్కర్లేదు, ఆవిడకీ తెలుసు. లైసెన్స్ పోతే నాలుగో అంతస్తు కుర్చీ పోతుంది. మళ్ళీ తెచ్చుకోవాలంటే నిజం ఓడ ఎక్కాలి. ముప్ఫై ఐదు రోజులకి కెప్టెన్ని పెట్టుకునేవాడు లోకంలో లేడు. ఎక్కితే ఆరు నెలలు, లేదంటే తొమ్మిది. వాళ్ళకి పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. కూతురు పుట్టినప్పుడు ఆయన నడి సముద్రంలో ఉన్నాడు. అది నడిచినప్పుడూ అక్కడే ఉన్నాడు. అది హాస్టల్‌కి వెళ్ళిపోయాక ఆయన ఇల్లు చేరాడు. ఈ మూడేళ్ళే వాళ్ళు ఒకే కప్పు కింద వరసగా కాపురం చేసింది. ఏ డబ్బాలో ఏముందో, ఏ కుళాయి ఎటు తిప్పాలో ఇప్పుడిప్పుడే ఆయనకి తెలుస్తోంది.

"నేను మళ్ళీ వెళ్ళను," అన్నాడు ఆయన.

"వెళ్ళమని ఎవరన్నారు? ముందు మొహం కడుక్కోండి."

ఆ ఉద్యోగం ఇప్పించింది ఆవిడ తమ్ముడే. సిమెంటు ఓడల కంపెనీలో మేనేజరు. కబురు అందగానే వచ్చాడు. వచ్చి కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"బావా, నువ్వు సముద్రాన్ని ఈదావు గానీ కౌంటరు ఈదడం చేతకాలేదు. నీ సీమెన్ పుస్తకం చూసుకున్నావా? మూడేళ్ళ కింద ఓడలో చేరినట్టు ముద్ర వేయించాం. దిగినట్టు ముద్ర ఉందా?"

"లేదు."

"లేదు కదా! అంటే చట్టం దృష్టిలో ఈ మూడేళ్ళూ నువ్వు ఓడలోనే ఉన్నావు. ఆ పుస్తకం తీసుకెళ్ళి వాడి మొహాన కొట్టు."

"కన్నం చిన్నదిరా, కొట్టడం కుదరదు," అన్నాడు కెప్టెన్. కానీ ఆశ పుట్టింది. ఆశ పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు, బావమరిది గొంతు పెద్దదైతే చాలు.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వంగాడు. గుమస్తా సీమెన్ పుస్తకం పేజీలు తిప్పాడు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టాడు. మొహం గంభీరంగా మారింది.

"మీరు మూడేళ్ళ నాలుగు నెలలుగా దిగకుండా ఓడలో ఉన్నారా?"

"పుస్తకం ప్రకారం ఉన్నాను."

"పదకొండు నెలలు మించి ఎవర్నీ ఓడలో ఉంచకూడదండీ. చాలా పెద్ద తప్పు ఇది. మీరొక ఫిర్యాదు రాసివ్వండి. కంపెనీ మీద చర్య తీసుకుని వాళ్ళ ఖర్చుతో మిమ్మల్ని వెంటనే మీ ఇంటికి పంపిస్తాం."

"మా ఇల్లు ఇక్కణ్ణించి రెండు వీధులు."

"ఎంతైనా కానివ్వండి. అది మీ హక్కు."

"నేను ఇప్పుడు ఇంటినించే వచ్చాను నాయనా!"

"అయితే ఓడలో లేరన్నమాట," అన్నాడు గుమస్తా పెన్ను కింద పెట్టి. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో కెప్టెన్‌కి ఆ క్షణంలో స్పష్టంగా తెలిసింది. వెనక వరసలో ఉన్న, ఓడల్లో పనిచేసి దిగిపోయిన ముసలి సరంగు ఒకడు, "అయ్యా, మీది తేలేలోగా నా పింఛను కాగితం తొయ్యనిస్తారా?" అని అడిగాడు. కెప్టెన్ పక్కకి జరిగాడు.

జరిగినవాడు వెళ్ళిపోలేదు. ముసలాయన పని అయ్యేదాకా నిలబడి, "ఎందులో రాసుంటే మీరు నమ్ముతారు?" అని అడిగాడు.

"ఓడ లాగ్ పుస్తకాలు తెండి. ఎక్కింది, దిగింది అందులో ఉంటుంది కదా. సూపరింటెండెంట్ గారి ముందు పెడతాను."

లాగ్ పుస్తకం అనగానే కెప్టెన్ తన సీమెన్ పుస్తకం వెనక్కి లాక్కుని బయటికి నడిచాడు.

ఎందుకంటే అందులో ఉన్నది ఆయన స్వయంగా రాసిందే. ఓడ మీద ఒక అలవాటు ఉంది. కెప్టెన్ ఒడ్డుకి దిగేటప్పుడు 'ఓడ దిగాను, ఫలానా వారికి అప్పగించాను' అని లాగ్‌లో రాసి సంతకం పెట్టి మరీ దిగుతాడు. తిరిగి రాగానే 'ఓడ ఎక్కాను' అని రాస్తాడు. అలా రాయకుండా గడప దాటితే కెప్టెన్‌కి చెప్పుల్లేకుండా వీధిలోకి వచ్చినట్టు ఉంటుంది. నాలుగో అంతస్తు గదిలో మొదటిరోజు రాత్రి ఎనిమిదింటికి రెండో కెప్టెన్, అందరూ చిన్న కెప్టెన్ అని పిలిచే అమ్మాయి, వచ్చినప్పుడు, ఆయన చెయ్యి తనంతట తనే రాసేసింది: 'ఓడ దిగాను. చిన్న కెప్టెన్‌కి అప్పగించాను.' మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి: 'ఓడ ఎక్కాను.' ఆయన్ని చూసి చిన్న కెప్టెన్ కూడా అలాగే రాసింది. గదికి అదే ఆచారమైపోయింది. మిగతా మూడు రోజులు బదిలీ కెప్టెన్లకి వదిలి, వారానికి నాలుగు షిఫ్టుల చొప్పున మూడేళ్ళ నాలుగు నెలలు. ఓడ నడి సముద్రంలో, రేవులో, తుఫానులో ఎక్కడున్నా సరే, టీవీ కెప్టెన్ పొద్దున్నే ఎక్కి రాత్రికి దిగిపోయాడు.

ఆ సంగతి వినగానే బావమరిది నెత్తి కొట్టుకున్నాడు.

"ఎవరు రాయమన్నారు బావా నిన్ను? కుర్చీలోంచి లేచాను అని రాయొచ్చుగా!"

"ఓడ లాగ్‌లో కుర్చీ గురించి ఎవడైనా రాస్తాడా?"

"సరే, అయిందేదో అయింది. కొత్త పుస్తకాలు కొనిస్తాను. మొదటిరోజు ఎక్కాను అని రాయి. ఆ తర్వాత దిగిన మాట ఎక్కడా ఎత్తకు. పదకొండు నెలలకోసారి సెలవు చూపిద్దాం. రెండు రోజులు కూర్చుంటే అయిపోతుంది. నీకు చెయ్యి నొప్పెడితే మా ఆఫీసులో మంచి దస్తూరీ ఉన్న కుర్రాడు ఉన్నాడు."

కెప్టెన్ కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. తర్వాత, "లాగ్‌లో తప్పు రాస్తే మేం చెరపం రా," అన్నాడు. "దాని మీద ఒక్క గీత గీసి, కింద తప్పు కనబడేలాగే ఉంచి, పక్కన సంతకం పెడతాం. నాకు మొదటి కెప్టెన్ నేర్పిన మొదటి సంగతి అది. పుస్తకం మార్చడం నావల్ల కాదు."

"అయితే సముద్రానికి పో!" అన్నాడు బావమరిది. అని, అక్క మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు. ఆవిడ ఏమీ అనకుండా మంచినీళ్ళ గ్లాసు తమ్ముడి ముందు కాస్త గట్టిగానే పెట్టింది.

ఆ రాత్రి దేవుడి ముందు దణ్ణం పెట్టుకుంటున్నప్పుడు కెప్టెన్ మనసు నిలవలేదు. ఈ లోకాన్ని నడిపేవాడు లోకంలోనే ఉన్నాడా, వేరేచోట కూర్చుని నడుపుతున్నాడా అని పెద్దపెద్దవాళ్ళు తలలు బద్దలు కొట్టుకున్నారు. ఎవరికి తోచినట్టు వాళ్ళు నమ్మారు. ఆయన హాజరుకి రుజువు తెమ్మని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే పాపం ఆయన ఏ కౌంటరు దగ్గర వంగుతాడు? ఇంతలోకే తప్పు తప్పు అనుకుని చెంపలేసుకున్నాడు. దేవుడు తనలాంటివాడు కాదు, గంట కొట్టగానే లేచి ఇంటికి పోడు. ఆ తేడా ఆయనకి కాస్త మనశ్శాంతి ఇచ్చింది గానీ లైసెన్స్ ఇవ్వలేదు.

గడువు ఇరవై ఆరు రోజులు ఉందనగా లాగ్ పుస్తకాల మూట మోసుకుని మూడోసారి వెళ్ళాడు. ఈసారి అద్దం లేదు. సూపరింటెండెంట్ అమ్మగారి గదిలో కుర్చీ వేశారు. ఆవిడ సన్నగా, అలసిపోయిన మొహంతో, బల్ల మీద రెండు కళ్ళజోళ్ళు పెట్టుకుని ఉంది. ఒకటి దూరం చూడ్డానికి, ఇంకొకటి దగ్గర. గుమస్తా పక్కన నిలబడి పేజీలు తిప్పుతూ పెన్సిలుతో టిక్కులు పెట్టాడు. అది ముగిసేసరికి గంటన్నర పట్టింది.

"ఆరు వందల నలభై ఒక్కసార్లు ఎక్కారండీ," అన్నాడు చివరికి.

కెప్టెన్ ప్రాణం లేచొచ్చింది. "చూశారా! మీరడిగింది ముప్ఫై ఐదు!"

"ఆరు వందల నలభై ఒక్కసార్లు దిగారు కూడా," అన్నాడు గుమస్తా.

సూపరింటెండెంట్ అమ్మగారు దగ్గర చూపు కళ్ళజోడు పెట్టుకుని ఒక పేజీ మీద వేలు పెట్టింది. "మా లెక్క ఇలా ఉంటుందండీ. దిగిన తేదీలోంచి ఎక్కిన తేదీ తీసేస్తాం. ఎన్నొస్తే అన్ని రోజులు. ఇక్కడ చూడండి. పదకొండో తేదీ ఎక్కారు, పదకొండో తేదీ దిగారు. పదకొండులోంచి పదకొండు పోతే?"

కెప్టెన్ ఆ పేజీ వైపు చూశాడు. ఆయన ఇంట్లో ఈ ప్రశ్న ఎనిమిదేళ్ళ పిల్లల్ని అడుగుతారు.

"సున్నా," అన్నాడు గుమస్తా, ఆయన తరఫున.

"పన్నెండు గంటలు కూర్చున్నానమ్మా! అవతల చేపల పడవలు కుప్పలుగా అడ్డొస్తుంటే, ఇవతల కింద పళ్ళ డాక్టరు మర తిప్పుతుంటే, కన్ను ఆర్పకుండా పన్నెండు గంటలు!"

"గంటలు మా ఫారంలో లేవండీ. తేదీలే ఉన్నాయి. పూర్వం ఎవరు మాత్రం పొద్దున్న ఓడెక్కి రాత్రికి దిగేవాళ్ళు? అలా దిగాడంటే ఓడ కదల్లేదని అర్థం. రాత్రి ఎవడు ఇంట్లో పడుకోలేదో వాడు ఓడలో ఉన్నట్టు. ఆ కాలానికి అది సరిపోయింది."

"అంటే నేను రాత్రిపూట ఇంట్లో పడుకోవడం తప్పా?"

"తప్పని నేనన్నానా? లెక్కకి రాదన్నాను." ఆవిడ గొంతులో కోపం లేదు. ఈ మాటే రోజూ చెప్పీ చెప్పీ అరిగిపోయినట్టుంది. "కొత్త అధ్యాయానికి తగ్గట్టు పాత నియమం మార్చమని పైకి మూడుసార్లు రాశాను. పరిశీలనలో ఉందన్నారు. పరిశీలించేవాళ్ళు కూడా పొద్దున్న ఎక్కి సాయంత్రం దిగిపోతారు కాబోలు."

గుమస్తా నవ్వబోయి, అది నవ్వొచ్చిన మాటో కాదో తెలియక ఆగిపోయాడు. ఆగి, పుస్తకంలో ఇంకో పేజీ చూసి, "అమ్మగారూ, ఇవి చూడండి," అన్నాడు. "ఇక్కడ నాలుగో తేదీ రాత్రి ఎనిమిదింటికి ఎక్కి, ఐదో తేదీ పొద్దున్న దిగారు."

"ఐదులోంచి నాలుగు పోతే ఒకటి," అంది ఆవిడ.

"ఇలాంటివి వరసగా పద్నాలుగున్నాయి."

కెప్టెన్‌కి గుర్తొచ్చింది. నిరుడు చిన్న కెప్టెన్ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు లేక తప్పనిసరై తనే చేశాడు. పద్నాలుగు రాత్రులూ పళ్ళు కొరుక్కుంటూ చేశాడు.

"మూడొందల ముప్ఫై, పద్నాలుగు. మూడొందల నలభై నాలుగు," అన్నాడు గుమస్తా. "ఇంకా ఇరవై ఒకటి చాలండీ!"

"కానీ నేను ఆ రాత్రులు కూడా గదిలోనే ఉన్నాను కదమ్మా," అన్నాడు కెప్టెన్. అనకూడదని తెలిసి కూడా అన్నాడు. అబద్ధం మీద నిలబడుతున్నానేమోనని జంకు. "ఓడ మీద లేను."

సూపరింటెండెంట్ అమ్మగారు కళ్ళజోడు తీసి ఆయన్ని చూసింది. "మీరు 'ఓడ ఎక్కాను' అని రాసినప్పుడు అబద్ధం రాశారా?"

కెప్టెన్ ఆలోచించాడు. కుర్చీలో కూర్చుని తెరలు వెలగగానే ఆయనకి కాళ్ళకింద నేల మెల్లగా ఊగుతుంది. అది ఊహే కావచ్చు. కానీ ఆ పన్నెండు గంటల్లో ఇల్లు గుర్తురాదు, ఆకలి తెలియదు, ఓడ ఎటు వాలితే ఒళ్ళు అటు వాలుతుంది. ఎక్కాను అనడానికి ఇంకో మాట ఆయన దగ్గర లేదు.

"లేదమ్మా," అన్నాడు. "నాకు ఎక్కినట్టే ఉంటుంది."

"అయితే నా బల్ల మీదికి వచ్చింది పుస్తకం. ఓడ కాదు. పుస్తకంలో ఎక్కారు. గడువులోగా ఇంకో ఇరవై ఒక్క రాత్రులు ఎక్కి, తెల్లారి దిగి రండి. సంతకం నేను పెడతాను. పైవాళ్ళు అడిగితే జవాబు కూడా నేనే చెప్పుకుంటాను."

కెప్టెన్ మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాడు. వారానికి ఒక్కరోజు సెలవు తప్పదు. అది పోను ఇరవై ఆరు రోజుల్లో ఇరవై మూడు రాత్రులు దొరుకుతాయి. అంటే రేపటినించే మొదలుపెట్టాలి. బదిలీ కెప్టెన్లు రాత్రి ఇచ్చెయ్యడానికి ఎప్పుడూ సిద్ధమే. మిగతా రాత్రులన్నీ ఇప్పుడు చిన్న కెప్టెన్‌వి.

ఆవిడని అడగడం ఏముంది, సంతోషంగా ఇచ్చేస్తుంది అనుకున్నాడు. రాత్రి షిఫ్టు వద్దనేవాళ్ళే గానీ కావాలనేవాళ్ళు ఉంటారా? ఆ సాయంత్రం షిఫ్టు మారేవేళకి గదికి వెళ్ళి మాట కదిపాడు. చిన్న కెప్టెన్ సంచీ బల్ల మీద పెట్టి, ఫ్లాస్కు పక్కన పెట్టి, అంతా విని, పకపకా నవ్వింది.

"అంటే సార్, మూడేళ్ళు మీరు సీనియర్ని అని చెప్పి పగళ్ళన్నీ మీరుంచుకుని నాకు రాత్రులు వదిలారు. ఇప్పుడు మీకు సున్నా, నాకు ఆరొందల చిల్లర. అంతేనా?"

"అంతే. నీ లైసెన్స్‌కి పదేళ్ళదాకా ఢోకా లేదు."

"మిగిలిన రోజులు ముందుకి మోసుకెళ్ళనివ్వరు సార్, ఐదేళ్ళకే లెక్క," అంది. నవ్వు ఆగింది. "మా వాడికి నాలుగేళ్ళు. మొన్న బళ్ళో అమ్మ బొమ్మ గియ్యమంటే మంచం గీశాడు. మంచం మీద దుప్పటి ముసుగు. టీచరు పిలిచి, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది."

కెప్టెన్ ఫ్లాస్కుని బల్ల అంచు నుంచి లోపలికి జరిపాడు.

"మొదట్లో ఒకసారి అడిగాను మిమ్మల్ని, వారం మార్చి వారం చేద్దామని. మీకు గుర్తులేదు. 'నేను పాతికేళ్ళు ఇల్లు చూడలేదమ్మా' అన్నారు. నిజమే కదా పాపం అనుకున్నాను. నాకూ ఇల్లుంది సార్."

కింద పళ్ళ డాక్టరు కొట్టు కట్టేసినట్టున్నాడు, గది చాలా నిశ్శబ్దంగా ఉంది. మధ్య తెర మీద ఓడ ముక్కు నీళ్ళని చీల్చుకుంటూ పోతోంది. ఆ కార్యాలయానికి తను మూడుసార్లు వెళ్ళాడు. తన ఇల్లు వాళ్ళ కంటికి ఆనడం లేదని మూడుసార్లూ మండిపడ్డాడు. ఈ పిల్ల ఇల్లు తన కంటికి ఎప్పుడు ఆనింది?

"రాత్రులిస్తాను," అంది చిన్న కెప్టెన్. "నావన్నీ తీసుకోండి. ఆ తర్వాత మాత్రం సగం సగం. వారం మీది, వారం నాది. లాగ్‌లో రాయక్కర్లేదు, మాటివ్వండి చాలు."

ఆయన మాటిచ్చాడు. ఇచ్చేటప్పుడు తేలిగ్గానే ఉంది. మెట్లు దిగుతుంటే బరువైంది. ఇంటి తలుపు తట్టేసరికి మోయలేనంత అయింది.

భార్య వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఆయన ఇరవై ఒక్క రాత్రుల సంగతి చెప్పాడు. ఆవిడ మొహం విప్పారింది. "హమ్మయ్య! ఇరవై ఒక్క రోజులేగా, కళ్ళు మూసుకుంటే అయిపోతాయి. రేపు ఆ అమ్మగారికి మా బడి పిల్లల చేత..."

"ఆ తర్వాత కూడా," అన్నాడు ఆయన.

"ఏం తర్వాత?"

"వారం పగలు, వారం రాత్రి. ఎప్పటికీ. మాటిచ్చేశాను."

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"నన్నడక్కుండానా?"

"అడిగే వ్యవధి లేదు."

"ఫోన్ ఉంది కదా గదిలో. ఒకటి కాదు, రెండున్నాయి. సముద్రంలో ఉన్న ఓడతో మాట్లాడతారు, రెండు వీధుల అవతలున్న పెళ్ళాంతో మాట్లాడలేరా? ఇరవై ఏళ్ళు ఎప్పుడొస్తారో కంపెనీ చెప్పింది, ఇప్పుడు ఎప్పుడుంటారో ఇంకొకావిడ చెప్పాలా? నేను బడికి ఎనిమిదింబావుకి బయల్దేరతాను. మీరు వచ్చేది ఎనిమిదిన్నరకి. వీధి మలుపులో ఎదురుపడి దణ్ణాలు పెట్టుకుందామా?"

"నిజమే," అన్నాడు కెప్టెన్. "అడగాల్సింది."

ఆవిడ లేచి వంటింట్లోకి పోయింది. గిన్నెలు కాస్త ఎక్కువ చప్పుడు చేశాయి. ఆయన ముద్ద కలుపుతూ కూర్చున్నాడు గానీ నోట పెట్టలేదు. ఆ పిల్లాడు గీసిన మంచం సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించాడు. చెబితే భార్య మనసు కరుగుతుందని తెలుసు. అందుకే చెప్పడానికి నోరు రాలేదు. మళ్ళీ తనే గెలిచినట్టవుతుంది. చివరికి ఆవిడే మజ్జిగ తెచ్చి, "ఆ పిల్లకి ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగింది. అప్పుడు చెప్పాడు.

ఆవిడ మజ్జిగ గిన్నె కింద పెట్టింది. బడిలో అలాంటి బొమ్మలు ఆవిడ ఎన్నో చూసి ఉంటుంది. తర్వాత దిద్దని పరీక్ష కాగితాల కట్ట మీంచి ఎర్ర పెన్ను తీసి, ఒక చిత్తు కాగితం ముందుకి లాక్కుంది.

"రాత్రి వారంలో మీరు ఎన్నింటికి నిద్ర లేస్తారు?"

"నాలుగింటికి లేస్తాను."

"నేను నాలుగున్నరకి వస్తాను. మీరు బయల్దేరేది?"

"ఏడుంబావుకి. అప్పగింతకి అరగంట ముందుండాలి."

"రెండుంబావు, ఇంకో అరగంట. రెండు గంటల నలభై ఐదు నిమిషాలు." రాసుకుంది. "ఇప్పుడు మీరు ఎనిమిదిన్నరకి వస్తున్నారు. తొమ్మిదింటికి తిని లేస్తారు. తొమ్మిదింబావుకి ఆ కుర్చీలో గురక. నాకు మిగిలేది ముప్పావు గంట. అందులో పావుగంట ఆ పళ్ళ డాక్టర్ని తిట్టడానికి పోతోంది."

"నేను రోజూ గురక పెట్టను," అన్నాడు కెప్టెన్ పౌరుషంగా.

"పెడతారు. ఇల్లు చేరారు గానీ ఇంట్లో ఉన్నారని రుజువేమిటంటే నేనూ చెప్పలేను." ఆవిడ రెండు అంకెల కింద గీత గీసింది. తీసివేత చేసింది. జవాబు చూసి పెదవి విరిచింది, నవ్వు దాచుకోవడానికి. "వారానికి నాలుగు షిఫ్టులు. షిఫ్టుకి నాకు రెండు గంటలు లాభం."

"అయితే కోపం పోయిందా?"

"లెక్క వేరు, కోపం వేరు. అడక్కుండా మాటిచ్చినందుకు కోపం అలాగే ఉంది. అది పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఇంకా లెక్క వెయ్యలేదు." ఆవిడ కాగితం మడిచి పక్కన పెట్టింది. "అన్నం తినండి. రేపటినించి సాయంత్రం ఐదింటికే వండాలి. ఏం వండమంటారో చెప్పండి, అడిగి చెయ్యడం ఎలా ఉంటుందో మీకూ తెలుస్తుంది."